టైరు గాలి కొలిచే గేజీని ఎలా నమ్మాలి

టైరును బొటనవేలితో నొక్కి, లేదా కాలితో ఒక తన్ను తన్ని "గాలి బాగానే ఉంది" అని తేల్చేసేవాళ్లు మా తిరుపతిలో ఇప్పటికీ చాలామంది కనిపిస్తారు. సైకిలు టైరుకు ఆ పరీక్ష కొంతవరకు పనికొచ్చేది. ఇప్పటి ట్యూబ్‌లెస్ టైరు పక్కభాగం గట్టిగా ఉంటుంది. లోపల 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడికి వాడే కొలత) ఉన్నా 30 ఉన్నా వేలికి ఒకేలా తగులుతుంది. ఆ పది తేడా బయటపడేది వంపులో బండి వాలినప్పుడో, వాన పడిన రోడ్డు మీద ముందు బ్రేకు పట్టినప్పుడో. అప్పుడు తెలిసినా చేయగలిగింది ఏమీ ఉండదు.

బండి ఉన్న ప్రతివారి దగ్గరా సొంత గేజీ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ మాటను కాదనేవాళ్లు ఇప్పుడు తక్కువే. చిక్కంతా ఏది కొనాలన్న దగ్గరే వస్తోంది. ఎస్వీ యూనివర్సిటీలో చదువుతున్న మా మేనల్లుడు ఈమధ్య ఒక డిజిటల్ గేజీ ఫొటో పంపి, "మామా, ఇది దశాంశం దాకా చూపిస్తుందట. అన్నిటికన్నా కచ్చితమైనది ఇదే కదా?" అని అడిగాడు. వాడికి ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

గాజులమండ్యం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో నా ఉద్యోగం. ఆవిరి గొట్టాల మీద, కంప్రెసర్ల మీద ఉండే ప్రెషర్ గేజీలను విప్పి తెచ్చి, సరిచూసి, మళ్లీ బిగించడం మా పని. అంకె చూపించడం వేరు, ఆ అంకె నిజం కావడం వేరు అన్నది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. దశాంశం దాకా చూపించే తెర, తాను ఎంత చిన్న తేడాను విడదీసి చూపగలదో మాత్రమే చెబుతుంది. చూపిన అంకె అసలు పీడనానికి ఎంత దగ్గరగా ఉందో ఆ తెరను చూసి ఎవరూ చెప్పలేరు. 28.7 అని వెలిగే గేజీ నిజంగా 27 ఉన్నప్పుడు కూడా అంతే ధీమాగా 28.7 అనే చూపించగలదు.

మరి ఏం చూడాలి? పెట్టె మీద, లేదా లోపలి కాగితం మీద కచ్చితత్వం ఎంత అని రాశారో చూడాలి. అది కూడా ఏ లెక్కన రాశారో చదవాలి. ఎక్కువ డయల్ గేజీలకు తప్పును మొత్తం స్కేలులో శాతంగా చెబుతారు. 0 నుంచి 100 పీఎస్‌ఐ వరకు ఉన్న గేజీకి 3 శాతం అంటే, డయల్ మీద ఎక్కడైనా అటూ ఇటూ 3 పీఎస్‌ఐ. మనం చదివే అంకెలో మూడు శాతం కాదది. నా 125 సీసీ బండికి ముందు టైరులో 25, వెనుక ఒక్కరికి 29, ఇద్దరికి 41 అని కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంది. ఆ గేజీతో ముందు టైరు 25 చూపిస్తే అసలు 22 ఉండవచ్చు, 28 ఉండవచ్చు. మూడు అంటే చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఇరవై ఐదులో మూడు అంటే పన్నెండు శాతం.

అందుకే రెండు చక్రాల బండికి 0 నుంచి 60 వరకు ఉండే డయల్ గేజీ కొనమని నేను అందరికీ చెబుతాను. అదే నాణ్యతలో తప్పు శాతం ఒకటే అయినా, స్కేలు చిన్నదైతే తప్పు కూడా చిన్నదవుతుంది. 60లో 2 శాతం అంటే 1.2 పీఎస్‌ఐ. మరొక కారణం కూడా ఉంది. గేజీలకు అమెరికా ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ పెట్టిన ప్రమాణంలో బి గ్రేడు అని ఒకటి ఉంది. దాని ప్రకారం స్కేలు మధ్య సగభాగంలో తప్పు 2 శాతం దాటకూడదు, రెండు చివర్ల దగ్గర 3 శాతం వరకు ఉండవచ్చు. అంటే మధ్యభాగాన్ని ఎక్కువ నమ్మవచ్చు. 60 స్కేలులో మధ్య సగం 15 నుంచి 45 దాకా. నా బండికి కావలసిన 25, 29, 41 మూడూ అందులోనే ఉన్నాయి. 100 స్కేలులో మధ్య సగం 25 దగ్గర మొదలవుతుంది కనుక ముందు టైరు అంకె సరిగ్గా అంచు మీద పడుతుంది. ఇక 160 దాకా ఉండే గేజీలు లారీ టైర్లకు, కంప్రెసర్లకు సరిపోతాయి. వాటితో స్కూటరు ముందు టైరు కొలవడం, బియ్యం తూచే కాటా మీద బంగారం తూచడం లాంటిది.

డిజిటల్ గేజీల మీద నాకు కోపం ఏమీ లేదు. లోపల ఒక చిన్న సిలికాన్ పలక ఉంటుంది. గాలి ఒత్తిడికి అది కొద్దిగా వంగితే విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును లెక్కగట్టి అంకెగా చూపిస్తుంది. మంచివాటిలో ఈ ఏర్పాటు చాలా నిలకడగా పనిచేస్తుంది. చీకట్లో చదవవచ్చు, పీఎస్‌ఐ నుంచి బార్, కిలోపాస్కల్ అనే వేరే ఒత్తిడి కొలతలకు మార్చుకోవచ్చు. అయితే 150 పీఎస్‌ఐ దాకా కొలిచే దానికి 1 శాతం తప్పు అన్నారంటే అది కూడా 1.5 పీఎస్‌ఐ. దశాంశం వెనకాల ఆ ఒకటిన్నర దాక్కుని ఉంటుంది. బ్యాటరీ నీరసించినప్పుడు కొన్ని చవక గేజీలు ఆగిపోవడానికి బదులు తప్పుడు అంకె చూపిస్తాయి. అది మరింత ప్రమాదం. ఎండలో సీటు కింద పెట్టెలో నెలల తరబడి పడి ఉండే వస్తువుకు మా ఊరి వేసవి పెద్ద పరీక్ష. డిజిటల్ కొనదలచుకున్నవాళ్లు కచ్చితత్వం ఎంతో కాగితం మీద రాసి ఇచ్చిన కంపెనీదే తీసుకోండి. ఆ వివరం ఎక్కడా లేకుండా "అత్యంత కచ్చితం" అని మాత్రమే రాసినదాన్ని నేను ముట్టుకోను.

డయల్ గేజీ లోపలి పనితనం నాకు ఎంతో ఇష్టం. ఫ్రాన్సుకు చెందిన యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. అణచిన ఇత్తడి గొట్టాన్ని కొడవలిలా వంచి, ఒక కొస మూసేస్తారు. లోపలికి గాలి పోగానే ఆ వంపు కొద్దిగా విచ్చుకుంటుంది. ఆ కదలికను చిన్న పళ్ల చక్రాలు ముల్లుకు అందిస్తాయి. బ్యాటరీ అక్కర్లేదు. దీనికి శత్రువు ఒక్కటే, కింద పడటం. గట్టి దెబ్బ తగిలితే ఆ గొట్టం వంపు శాశ్వతంగా మారిపోతుంది, లేదా పళ్లు ఒకటి రెండు తప్పుతాయి. చుట్టూ రబ్బరు తొడుగు ఉన్నదాన్ని ఎంచుకోమనేది అందుకే. ముల్లు సున్నా దగ్గర ఉన్నంత మాత్రాన గేజీ బాగుందని అనుకోవద్దు. చాలా గేజీల్లో సున్నా దగ్గర చిన్న పిన్ను అడ్డుగా ఉంటుంది. ముల్లు నిజానికి అంతకన్నా కిందికి పోవాలని చూస్తున్నా, ఆ పిన్ను దాన్ని ఆపి సున్నాగా చూపిస్తుంది. పిన్ను లేని గేజీ దొరికితే అదే మేలు. సున్నా తప్పితే కంటికి కనిపిస్తుంది. లోపల గ్లిజరిన్ నింపిన గేజీలు చూడటానికి దృఢంగా ఉంటాయి కానీ, ఆ ద్రవం యంత్రాల అదురుకు ముల్లు వణకకుండా ఉండటానికి. చేతిలో పట్టుకుని కొలిచే గేజీకి దాని అవసరం లేదు. పైగా పూర్తిగా మూసిన గ్లిజరిన్ గేజీ ఎండకు వేడెక్కితే లోపలి ఒత్తిడి మారి, ముల్లు కాస్త పక్కకు జరుగుతుంది.

పెన్ను ఆకారంలో ఉండే గేజీ గురించి ఎక్కువ చెప్పను. లోపల స్ప్రింగు, దాన్ని నెట్టుకుంటూ బయటికి వచ్చే గీతల పుల్ల. చవక, జేబులో పడుతుంది, ఏమీ లేనిదానికన్నా వెయ్యి రెట్లు నయం. దుమ్ము పట్టినా, వాల్వు మీద వంకరగా పెట్టినా పుల్ల పూర్తిగా రాదు, గాలి తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

కార్లవాళ్లు రాసే సలహాల్లో కనిపించని ఒక విషయం బండివాళ్లకు చాలా ముఖ్యం. అది గేజీ మూతి వాల్వుకు ఎలా అతుకుతుందన్నది. ముందు చక్రానికి ఒక పక్క డిస్క్ బ్రేకు, మరో పక్క చక్రం ఆకులు (స్పోకులు). ఆ ఇరుకులో నిటారుగా ఉండే గేజీ దూరదు. బలవంతంగా వంచి పెడితే బుస్సుమని గాలి పోతుంది, చూపించే అంకె కూడా తప్పే. మంచి కచ్చితత్వం ఉన్న గేజీని కొని, దాని మూతి పట్టక మూలన పడేసినవాళ్లు నాకు తెలుసు. చిన్న రబ్బరు గొట్టం ఉండి, చివర మూతి అడ్డంగా తిరిగి ఉన్న గేజీ అయితే ఈ బాధ ఉండదు. గొట్టంలోకి గాలి పోయి టైరులో తగ్గిపోతుందని కొందరి భయం. జానెడు గొట్టం పట్టే గాలి నాలుగైదు మిల్లీలీటర్లు, టైరులో ఉండేది లీటర్ల లెక్కన. ఆ నష్టం ముల్లు మీద కనిపించనంత తక్కువ. గాలి పోయేది మూతి సరిగా అతకక బుస్సుమన్నప్పుడే. వాల్వుకు శాశ్వతంగా బిగించే ఎల్ ఆకారపు ముక్కలు కూడా అమ్ముతున్నారు. వాటిని కొలిచేటప్పుడు మాత్రమే వాడి తీసేయండి. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ బరువు రబ్బరు వాల్వు మొదలును బయటికి లాగుతుంది. వాల్వు క్యాపు స్థానంలో బిగించే సెన్సర్ల మీద కూడా నాకు ఇదే అభ్యంతరం. పైగా అవి వాల్వు పిన్నును ఎప్పుడూ నొక్కి ఉంచుతాయి. వాటి వాషరు పాడైతే గాలి పోవడానికి దారి తెరిచి ఉన్నట్టే. పంక్చరు పడినట్టు హెచ్చరించడానికి పనికొస్తాయి, అంతకుమించి నమ్మను.

గేజీలో తప్పు ఒకటి రెండు పీఎస్‌ఐ. కొలిచే వేళ తప్పితే మాత్రం నాలుగైదు పోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలని ప్రతి బండి పుస్తకంలోనూ ఉంటుంది. చల్లగా అంటే కనీసం మూడు గంటలు నీడలో నిలిపి ఉంచిన టైరు. మేలో తిరుపతి మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటుతుంది, తారు అంతకన్నా మండుతుంది. ఆ ఎండలో రేణిగుంట నుంచి వచ్చి బంకులో ఆగిన టైరు లోపలి గాలి 60 డిగ్రీలు ఉందనుకోండి. అప్పుడు సరిగ్గా 29 పెట్టించుకుంటే, మరునాడు తెల్లవారి 28 డిగ్రీలకు చల్లారేసరికి అందులో ఉండేది 25కు కాస్త లోపు. బంకు మీటరు అబద్ధం చెప్పకపోయినా నాలుగు పోయాయి. ఎక్కడైనా సరే, పది డిగ్రీల తేడాకు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. నైట్రోజన్ నింపిస్తే ఈ గొడవ ఉండదని అంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వేడికి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి.

నేను పాటించే పద్ధతి ఇది. బంకులోనో, పంక్చర్ షాపులోనో కావలసినదానికన్నా ఆరేడు ఎక్కువ కొట్టించుకుంటాను. మరునాడు పొద్దున్నే, బండి కదల్చకముందు, నా గేజీ పెట్టి దాని పక్కన ఉండే చిన్న మీట నొక్కుతూ సరైన అంకెకు దింపుతాను. గాలి ఎక్కించడానికి యంత్రం కావాలి కానీ దింపడానికి అక్కర్లేదు. అందుకే గేజీకి ఆ మీట తప్పకుండా ఉండాలంటాను. చల్లని టైరు మీద, ఒకే గేజీతో, ఒకే మనిషి సరిచేసిన అంకె అది. వేడి టైరులో ఎక్కువ కనిపించిందని అక్కడికక్కడే దింపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

"రెండు మూడు తగ్గితే ఏమవుతుంది? ఎన్నేళ్ల నుంచి తిరగడం లేదు?" అని నా తోటి ఉద్యోగి ఒకాయన వాదిస్తాడు. ఆయన రోజూ వచ్చేది చదునైన రోడ్డు మీద, అదీ నెమ్మదిగా. అక్కడ టైరు అంచులు త్వరగా అరగడం, పెట్రోలు కాస్త ఎక్కువ తాగడంతో సరిపోతుంది. ఆయననే తిరుమల నుంచి దిగమనండి. దిగడానికి వాడే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. 1974లో వేసిన రెండవది ఎక్కడానికి. దిగేటప్పుడు వాలు వల్ల, బ్రేకు వల్ల బరువంతా ముందు టైరు మీదికి వస్తుంది. ఆ టైరు నేలను తాకేది అరచేయంత మేర. అందులో గాలి తక్కువైతే మలుపు మలుపుకూ పక్కభాగాలు మడత పడతాయి, హ్యాండిల్ బరువెక్కుతుంది, బండి మనం అనుకున్న గీత మీద పోదు. ఎక్కువైతే తాకే మేర ఇంకా తగ్గి, మలుపులో ఇసుక ఉన్నచోట పట్టు జారుతుంది. వెనుక భార్య, మధ్యలో పిల్లవాడు కూర్చున్న బండ్లు ఆ దారిలో ఎన్ని దిగుతాయో చూసినవాళ్లెవరూ రెండు మూడు పీఎస్‌ఐని తేలిగ్గా తీసుకోలేరు. భాకరాపేట ఘాట్‌లోనూ అంతే.

కొండ మీదికి పోతే గాలి లెక్క మారుతుందా అని కూడా అడుగుతారు. మంచి ప్రశ్న. గేజీ చూపేది బయటి వాతావరణంతో పోల్చిన తేడాను. తిరుపతి కన్నా తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో బయటి పీడనం 1 పీఎస్‌ఐకి కాస్త పైన తగ్గుతుంది కనుక గేజీ ఆ మేరకు ఎక్కువ చూపాలి. అయితే పైన చలి. ఆరేడు డిగ్రీలు చల్లబడితే టైరులో దాదాపు అంతే తగ్గుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కింద తెల్లవారుజామున సరిచేసుకున్నవాళ్లు పైన మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

కొన్న గేజీ నిజం చెబుతోందో లేదో తెలిసేది ఎలా? పీడనానికి మూలప్రమాణం చాలా సరళమైనది. తెలిసిన వైశాల్యం ఉన్న ముషలకం (పిస్టన్) మీద తెలిసిన బరువు పెడితే కింద పుట్టే ఒత్తిడి ఎంతో లెక్కలో తేలిపోతుంది. దాన్నే డెడ్ వెయిట్ టెస్టర్ అంటాం. నీటి స్తంభంతోనూ తేల్చవచ్చు. 70 సెంటీమీటర్ల నీరు ఒక పీఎస్‌ఐ. 25 చూడాలంటే పదిహేడున్నర మీటర్ల ఎత్తు నీరు కావాలి, అంటే అయిదారు అంతస్తులు. ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలు గేజీలను సరిచూసి పత్రం ఇస్తాయి కానీ, వాళ్ల రుసుము గేజీ ధరను మించవచ్చు. మా అధికారి అనుమతితో నా గేజీని, స్నేహితులవి కొన్నింటిని పనివేళ ముగిశాక మా మాస్టర్ గేజీతో (మిగతావాటిని సరిచూడటానికి విడిగా ఉంచే గేజీ) పోల్చి చూశాను. ఖరీదైనవన్నీ సరిగా లేవు, చవకవన్నీ తప్పుగానూ లేవు. అయితే నన్ను ఆకట్టుకున్నది వేరు. ఒక పాత డయల్ గేజీ ఎన్నిసార్లు పెట్టినా ఒకటిన్నర తక్కువే చూపించింది. ఒక కొత్త డిజిటల్ గేజీ ఒకసారి సరిగ్గా, ఒకసారి రెండు ఎక్కువ, మరోసారి ఒకటి తక్కువ చూపించింది. ఈ రెండింటిలో ఏది కావాలని అడిగితే కళ్లు మూసుకుని పాత డయల్ తీసుకుంటాను. ఒకటిన్నర కలుపుకుంటే అది కచ్చితమైన గేజీ. మాట మార్చే గేజీకి ఏది కలిపినా సరికాదు.

ఈ నిలకడ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. తెల్లవారి ఒకే టైరుకు వెంటవెంటనే అయిదారుసార్లు పెట్టి చూడండి. అంకెలు అర పీఎస్‌ఐలోపే తిరగాలి. తరువాత వేరే రకం గేజీలు రెండు ఎవరినైనా అడిగి తెచ్చి అదే టైరుకు పెట్టండి. ఒకే పెట్టెలో వచ్చిన రెండు ఒకే కంపెనీ గేజీలు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది సాక్ష్యం కాదు, ఇద్దరికీ ఒకే తప్పు ఉండవచ్చు. పెన్ను, డయల్, డిజిటల్ మూడూ దగ్గరగా వస్తే నమ్మవచ్చు.

కరకంబాడి రోడ్డులో నేను తరచూ ఆగే పంక్చర్ షాపు ఒకటి ఉంది. అక్కడి అన్న మీటరు నా గేజీ కన్నా మూడు ఎక్కువ చూపిస్తోందని ఒకరోజు చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "ఏదీ, మీది పెట్టండి సార్, చూద్దాం" అని అప్పటికి అక్కడున్న బండ్లన్నిటికీ రెండూ పెట్టి చూశాడు. ప్రతిదానికీ అదే మూడు. మార్కరు తీసుకుని మీటరు నెత్తిన "3 ఎక్కువ చూపును" అని రాసి, అప్పటి నుంచి 29 అడిగినవాళ్లకు 32 కొడుతున్నాడు. రోజంతా దుమ్ములో, ఎండలో, కంప్రెసరు అదురులో, కింద పడుతూ లేస్తూ ఉండే మీటరు తప్పడం ఆయన నేరం కాదు. ఆ తప్పు ఎంతో రాసిపెట్టడం మాత్రం ఆయన గొప్పతనం. ఇంతకన్నా పెద్ద కాలిబ్రేషన్ (సరిచూసిన) పత్రం నేను ఏ షాపులోనూ చూడలేదు.

పెట్రోలు బంకుల నుంచి నేను కోరేది కూడా అంతే. పెట్రోలు కొలతలో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి మన ఎదుటే కొలిపించుకోవచ్చు. గాలి యంత్రం పక్కన కూడా విడిగా భద్రపరిచిన ఒక మంచి గేజీ, యంత్రాన్ని దానితో చివరిసారి పోల్చిన తేదీ, అప్పుడు కనిపించిన తేడా రాసిన చీటీ ఉండాలి. వారానికి ఒకసారి పొద్దున పది నిమిషాల పని. గాలి ఉచితంగా ఇస్తున్నారు కదా, ఇంకేం అడుగుతామని మొహమాటపడవద్దు. గాలి కోసం ఆగినప్పుడు "మీటరు ఎప్పుడు సరిచూశారు?" అని అడగండి. నలుగురు అడిగిన చోట ఆ చీటీ వస్తుంది.